మన సీమలో పేర్లు, ఇంటిపేర్లు

ఎర్రగుంట్ల మండలములోని కలమల్ల గ్రామము నేడు తాప విద్యుత్కేంద్రమువలన అందరికిని తెలిసిన ఊరు. తెలుగు చదువుకొన్నవారికి అది మరొక కారణమున పూజ్యమైనది. అచ్చటి దేవాలయములో దొరకిన రేనాటి చోళుల శాసనము ఇంచుమించు క్రీ.శ. 575 నాటిదని పండితుల నిర్ణయము. మనకు లభించిన పూర్తి తెలుగు శాసనములలో ఇదియే మొదటిదని పాఠ్యగ్రంథములు చెప్పును. పగిలిపోయిన ఆ రాతిమీద మిగిలిన కొద్దిపాటి మాటలలో రెండు పేర్లు మనము గమనింపదగినవి. ఒకటి రాజు పేరు, ధనంజయుడు. రెండవది చిఱుంబూరి రేవణ పేరు.

ఈ రెండవ పేరు చూడుడు. చిఱుంబూరు అనునది ఊరు. ఆ ఊరి రేవణ, చిఱుంబూరి రేవణ. ముందు ఊరు, తరువాత మనిషి. మనము నేటికిని హాజరు పట్టికలో వ్రాసికొను పద్ధతి ఇదియే గదా! తెలుగు వ్రాతలో నిలిచిన తొలి రాతియందే, మన ఊళ్ళ నడుమనే, ఇంటిపేరువంటి విశేషణము ఒకటి కనిపించుట మాకు ఎంతయో ఆశ్చర్యమును, సంతోషమును కలిగించినది.

పేర్లను గూర్చి వ్రాయవలెనని మాకు తోచుటకు కారణము విద్యార్థులు తరచుగా అడుగు ఒక ప్రశ్న. "మాకు ఇంటిపేరు లేదా సార్? షేక్ అనునదే మా ఇంటిపేరా?" అని ముస్లిము విద్యార్థులు అడుగుదురు. హిందూ విద్యార్థులు ఈ మాట అడుగరు గాని, తాతగారి పేరు ఓబులేసు అనియో, అవ్వ పేరు దస్తగిరమ్మ అనియో చెప్పుటకు సిగ్గుపడుదురు. ఈ రెండింటికిని సమాధానము ఒక్కచోటనే ఉన్నదని మా అభిప్రాయము.

మొదట వ్యాకరణము. 'ఇంటిపేరు' అను మాటలోనే పాఠమంతయు ఇమిడియున్నది. ఇల్లు అను శబ్దము షష్ఠ్యర్థమున 'ఇంటి' అగును. చిన్నయసూరి బాలవ్యాకరణములో (1858) ఇ, టి, తి అను వర్ణములను ఔపవిభక్తికములని పేర్కొనెను. ఊరు 'ఊరి' అగును, ఏరు 'ఏటి' అగును, పాడు 'పాటి' అగును. మాలేపాడునుండి వచ్చినవారు మాలేపాటివారు, ప్రొద్దుటూరునుండి వచ్చినవారు ప్రొద్దుటూరివారు. కనుక ఇంటిపేరు చాలవరకు ఒంటరి పదము కాదు. 'ఎవరి, ఎచ్చటి' అను ప్రశ్నకు జవాబుగా నిలిచిన విశేషణము. ఆ 'రి', 'టి' అక్షరములను చూచియే ఊరి పేరును ఊహింపవచ్చును. విద్యార్థులు తమ తరగతి పట్టికను ముందుంచుకొని ఈ పరీక్ష చేసిచూచిన మంచి వినోదము.

ఇచ్చట ఒక చమత్కారము కలదు. ప్రొద్దుటూరిలోనే పుట్టి పెరిగి అచ్చటనే యుండువానిని ఎవరును 'ప్రొద్దుటూరివాడు' అని ప్రత్యేకముగా పిలువరు, ఊరంతయు ప్రొద్దుటూరివారే. ఆ ఊరు విడిచి మరొక ఊరు చేరినప్పుడే ఆ గుర్తు అవసరమగును. అనగా ఊరి పేరు ఇంటిపేరైనదన్న ఆ కుటుంబము ఒకప్పుడు ఆ ఊరు విడిచినదని అర్థము. కరవో, కలహమో, కొలువో, వ్యాపారమో, ఏదో ఒకటి వారిని కదిలించినది. సరస్వతీపుత్ర పుట్టపర్తి నారాయణాచార్యులవారు (1914–1990) ప్రొద్దుటూరులోను కడపలోను జీవించిన మహాకవి. 'శివతాండవము' ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయమున పుట్టినది. వారి పేరు ముందున్న పుట్టపర్తి మాత్రము చిత్రావతీ తీరమునందలి ఊరు; అది పూర్వము అనంతపురము జిల్లాలోనిది, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాకు కేంద్రము.

జమ్మలమడుగు కథ ఇంకను బాగున్నది. పెన్న యొడ్డున జమ్ము పెరిగిన మడుగు కనుక ఆ పేరు వచ్చినదని జనము చెప్పుదురు. పాత వ్రాతలలో ఈ ఊరి పేరు 'జంబులమడక' అని కానవచ్చును. ఇప్పుడు ఊరిలో 'మడక' పోయి 'మడుగు' నిలిచినది. కాని కోస్తా జిల్లాలలో 'జమ్మలమడక' అను ఇంటిపేరు గల కుటుంబములు నేటికిని కలవు. అలంకారశాస్త్ర పండితులు జమ్మలమడక మాధవరామశర్మగారి పేరు తెలుగు విద్యార్థులకు పరిచితమే. ఊరు మరచిన రూపమును ఊరు విడిచినవారు కాపాడిరి! ప్రొద్దుటూరును సంస్కృత పండితులు 'బ్రధ్నపురి' అనిరి. బ్రధ్నుడనగా సూర్యుడు, అమరకోశమున ఈ పదమున్నది. ప్రొద్దు అను తెలుగు మాటకు సంస్కృతపు అంగీ తొడిగిరన్నమాట. పులివెందులను 'పులిమందల' అని విడదీసి పులుల గుంపు కథ చెప్పుట పెద్దలకు ఇష్టము. ఇట్టి కథలు వినుటకు ఇంపుగా నుండును; వానిని నిరుక్తముగా గ్రహించుటకు మాత్రము జాగ్రత్త వలయును. ఈ జిల్లా ఊళ్ళ పేర్లపై ఆచార్య కేతు విశ్వనాథరెడ్డిగారు (1939–2023) చేసిన పరిశోధన గ్రంథరూపమున వెలువడినది. దానిని చదివినవారు ఊహకును శాస్త్రమునకును గల భేదము గ్రహింతురు.

ఊరుతోనే ఇంటిపేర్లు ముగియవు. ఒకే ఊరివారు ఒకే ఊరిలో నాలుగైదు ఇండ్లుగా చీలినప్పుడు ఊరి పేరు చాలదు. అప్పుడు సందు, మిద్దె, బావి, చెట్టు గుర్తులై వచ్చును. పులివెందుల రాజకీయ నాయకులు, ముఖ్యమంత్రిగా 2004 నుండి 2009 వరకు పనిచేసిన డాక్టరు రాజశేఖరరెడ్డిగారి ఇంటిపేరు 'యెదుగూరి సందింటి'. యెదుగూరి అనునది ఊరి గుర్తు, రూపమే చెప్పుచున్నది. సందు, ఇల్లు కలిసి సందిల్లు, దాని ఔపవిభక్తికము సందింటి. ఈ రెండు మాటల మొదటి అక్షరములే ఆంగ్లమున 'వై', 'యస్'. 2010లో మన జిల్లాకు వై.యస్.ఆర్. జిల్లా అని పేరు పెట్టిరి. 2025లో దానికి కడపను తిరిగి చేర్చిరి. పార్టీల మాట అటుంచి చూచినచో, ఏదో పల్లెలో ఏదో సందులోని ఒక ఇంటి గుర్తు ఒక జిల్లా పేరులో చేరినదన్నమాట. భాషాశాస్త్ర విద్యార్థికి ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

వస్తువులు కూడ ఇంటిపేర్లయినవి. 'శ్రీ శివభారతము' రచించిన ప్రొద్దుటూరు కవి గడియారము వేంకటశేషశాస్త్రిగారి ఇంటిపేరు మనకందరకును తెలిసినదే. గడియను తెలుపు యంత్రము గడియారము. విమర్శకులు రాచమల్లు రామచంద్రారెడ్డిగారి (1922–1988) ఇంటిపేరులో 'రాచ', 'మల్ల' అను రెండు మాటలు వినవచ్చుచున్నవి. రాచమల్లుడు అను పేరు కన్నడదేశపు గంగరాజులకును ఉండెను. పులివెందుల ప్రాంతపు పైడిపాళెములో పుట్టిన ఆయన 'రా.రా.'గానే ప్రసిద్ధుడాయెను. ఇంటిపేరును, పేరును చెరి ఒక అక్షరమునకు కుదించిన పొదుపరి!

ఇక పెట్టిన పేర్లు. మన సీమలో పిల్లలకు పేర్లు ఎక్కువగా క్షేత్రములనుండి వచ్చినవి. అహోబలము జనుల నోట ఓబులమైనది. దానినుండి ఓబులరెడ్డి, ఓబులేసు, ఓబులమ్మ. పుష్పగిరి చెన్నకేశవునివలన చెన్నయ్య, చెన్నమ్మ. పెంచలకోన నృసింహునివలన పెంచలయ్య. వేంపల్లె దాపున పాపఘ్ని యొడ్డున గండి వీరాంజనేయుడు. ఆ చుట్టుప్రక్కల ఆంజనేయులు లేని వీధి యుండదు. మగ్గములున్న ఇండ్లలో చౌడేశ్వరి పేరున చౌడయ్య, చౌడమ్మ. ఈ పేర్లను మోటువని తలచి నగరపు పేర్లు తగిలించుకొనువారికి మేము చెప్పునది ఒక్కటే: ఓబులేసు అను మాటలో అహోబలేశ్వరుడు ఉన్నాడు, ఉన్నవానిని వినుటకు చెవి కావలెను.

పుట్టిన బిడ్డలు దక్కని ఇండ్లలో పెంటయ్య, కుప్పయ్య, భిక్షమయ్య అని పేర్లు పెట్టుట తెలుగుదేశమంతట ఉన్న ఆచారము. పనికిమాలినదానిని మృత్యువు కోరదను ఆశ దానికి మూలము. అదే ఆశతో బిడ్డను ఫకీరు జోలెలో వేసి తిరిగి పుచ్చుకొన్న తల్లులు ఫకీరయ్య, ఫకీరప్ప అని పిలుచుకొనిరి. ఫకీరు అరబ్బీ పదము, బీదవాడని అర్థము. అప్ప, అయ్య ద్రావిడ పదములు. ఒక తల్లి భయము రెండు భాషలను ఒక పేరులో కలిపినది.

ఇచ్చటినుండియే మా ముఖ్యవిషయము ఆరంభమగుచున్నది. గండికోటను పెమ్మసానివారినుండి గోలకొండ సేనాని మీర్ జుమ్లా 1650 ప్రాంతమున గెలుచుకొనెను. మీర్ జుమ్లా అనునది ఆయన పేరు కాదు, పదవి. అసలు పేరు మహమ్మద్ సయ్యద్. తరువాత కడప నవాబులు, ఆపై హైదరాలీ, 1800లో కుంఫిణీవారు. ఈ కాలమంతయు ఫారసీ, అరబ్బీ మాటలు కచ్చేరీ ద్వారమున తెలుగులోనికి వచ్చుచునే యుండెను. కడపలో ఉద్యోగము చేసిన బ్రౌను దొర అట్టి మాటలకు ప్రత్యేకముగా ఒక నిఘంటువునే 1854లో అచ్చువేయించెను. కాని పేర్లు కచ్చేరీ ద్వారమున రాలేదు. అవి దర్గా వాకిట, పీర్ల చావడి ముందర, బిడ్డను చంకనెత్తుకొన్న తల్లుల వెంట వచ్చినవి.

దస్తగిరి అను పేరు చూడుడు. ఫారసీలో దస్త్ అనగా చేయి, గీర్ అనగా పట్టువాడు. చేయి పట్టి నడిపించువాడు దస్తగీర్. బాగ్దాదునందలి అబ్దుల్ ఖాదర్ జీలానీ మహనీయునకు అది బిరుదు. ఫారసీ 'దస్త్'కును సంస్కృత 'హస్త'మునకును మూలము ఒక్కటే. 'గీర్' మన 'గ్రహించు'లోని ధాతువునకు చుట్టము. దస్తగిరియనగా దాదాపు 'హస్తగ్రాహి' యన్నమాట. అంతేకాదు; తెలుగు చెవికి ఆ చివరి 'గిరి' శేషగిరి, వేంకటగిరులవలె వినిపించెను. కనుకనే దస్తగిరిరెడ్డి, దస్తగిరయ్య, దస్తగిరమ్మ ఎవరికిని వింత గాలేదు. మస్తాన్ అనగా దైవప్రేమలో మత్తిల్లినవాడు. 'మస్త్', 'మత్త' జ్ఞాతులు. మస్తానయ్య, మస్తానమ్మ, మస్తాన్‌రెడ్డి ఆ బాపతువారే. మహబూబ్ అనగా ప్రియుడు. అది మాబు ఐనది. మౌలా అలీ మౌలాలి ఐనాడు. హుసేను అనగా హసనునకు ముద్దుపేరు, చిన్ని సుందరుడు. పాదుషా అరిగి బాషా ఐనది. దీనిని కొందరు 'భాషా' అని వత్తు పెట్టి వ్రాయుదురు. రాజును నిఘంటువుగా మార్చుట మంచిది కాదని తెలుగు అధ్యాపకులుగా మా మనవి.

అనంతపురము జిల్లా గూగూడులో మొహర్రము నాడు కుళ్ళాయిస్వామి పీరు లేచును. కుళ్ళాయి ఫారసీ 'కులాహ్', టోపీ. ఆ స్వామి పేరున కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ అని పేర్లు పెట్టుకొన్న హిందువులు మన జిల్లాలోను కలరు. దేవుని కడపలో వేంకటేశ్వరుని ఉగాదినాడు ముస్లిములు దర్శించుట ప్రసిద్ధము. బీబీ నాంచారమ్మ తమ యింటి ఆడపడుచని వారి నమ్మకము. బీబీ ఫారసీ, నాంచారి తమిళపు 'నాచ్చియార్', అమ్మ తెలుగు. ఒక్క దేవత పేరులో మూడు భాషలు! పోతులూరి వీరబ్రహ్మముగారి ప్రియశిష్యుడు సిద్దయ్య ముస్లిము. ఆ పేరు పెట్టుకొన్న వందలాదిమందికి తాము ఎవరి పేరు మోయుచున్నారో తెలియదు. ఒకచోట మాత్రము జాగ్రత్త అవసరము. కదిరప్ప వేరు, ఖాదరప్ప వేరు. మొదటివాడు కదిరి నరసింహుని భక్తుడు, ఆ కదిరికి మూలము ఖదిర, అనగా చండ్ర చెట్టు అందురు. రెండవవాడు అరబ్బీ 'ఖాదిర్', సర్వశక్తుడు. ధ్వని ఒక్కటైనంత మాత్రమున మూలము ఒక్కటి కాదు.

దూదేకులవారి పేర్లు ప్రత్యేక వ్యాసమునకు తగినవి. హుసేనప్ప, ఖాసిమప్ప, పీరమ్మ వంటి పేర్లు వారిలో హెచ్చు. పెద్ద దస్తగిరి, నడిపి దస్తగిరి, చిన్న దస్తగిరి అని అన్నదమ్ములను లెక్కించుటయు కలదు. దూది ఏకువారు దూదేకులవారు, అచ్చ తెలుగు. అదే పని చేయువానిని ఉత్తరదేశపు భాషలలో పింజారా అందురు. మనకు పింజారి ఐనది. అరబ్బీలో నద్దాఫ్ అందురు. మొదటి నకారము లకారమై లద్దాఫ్ ఐనది. ఫారసీలో నూర్‌బాఫ్ అనగా నేతగాడు. నూర్‌బాషా దానినుండి వచ్చినదని చెప్పుదురు. వెనుకబడిన తరగతుల జాబితాలో బి వర్గమున ఈ నాలుగు మాటలును ప్రక్కప్రక్కనే వ్రాసియున్నవి. చదువునప్పుడు అది ఉత్తర్వువలె గాక పర్యాయపద నిఘంటువువలె తోచును. మన భాషలో ఆ పదమును నిందగా వాడు దురలవాటు ఉన్నది. నాలుగు భాషలు గౌరవించి పేరిడిన వృత్తిని నింద చేయుట అజ్ఞానము.

ఇప్పుడు "షేక్ మా ఇంటిపేరా?" అను ప్రశ్నకు వత్తము. షేక్ అరబ్బీలో పెద్దవాడు, వృద్ధుడు. సయ్యద్ ప్రభువు, ప్రవక్తవారి వంశమునకు గుర్తు. ఖాన్, బేగ్ తురుష్క బిరుదులు. బేగ్‌నకు స్త్రీలింగమే బేగం. పఠాన్ జాతి పేరు. ఇవి యేవియు ఇల్లు తెలుపునవి కావు. ఊరు అంతకన్నను తెలుపవు. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు గడి ఉండుటచేత, ఖాళీగా విడువలేక, గుమాస్తాలు వీనిని అందు నింపిరి. ఫలితముగా ఏ తరగతిలో చూచినను సగము మందికి ఒకే 'ఇంటిపేరు'! అరబ్బుదేశములలో షేక్ అనగా దొర, కుటుంబపెద్ద. మన జిల్లానుండి కువైటునకు వెళ్ళిన డ్రైవరు పాసుపోర్టులో ఇంటిపేరు షేక్ అని యుండుట చూచి అచ్చటి యజమాని నవ్వుకొన్నచో ఆశ్చర్యమేమి?

కాని నవ్వుతో పోవు విషయము కాదు. 2007లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ముస్లిములలోని వెనుకబడిన వర్గములకు ఇ వర్గమున నాలుగు శాతము కేటాయించుచు చట్టము చేసినప్పుడు, షేక్ వర్గమును జాబితాలో చేర్చి, సయ్యద్, పఠాన్, మొగల్ మున్నగువారిని మినహాయించిరి. ఏనాడో ఒక గుమాస్తా తొందరలో వ్రాసిన తొలి పదము మనుమని సీటును నిర్ణయించు స్థితి వచ్చినది. పదవ తరగతి ధ్రువపత్రములో ఒక వర్ణక్రమము, ఆధారు కార్డులో మరొకటి, పాసుపోర్టులో ఇంకొకటి ఉన్నచో ఆ విద్యార్థి మండల కార్యాలయము చుట్టును ఎన్ని మార్లు తిరుగవలెనో మీ అందరకును తెలియును. షేక్ అను రెండక్షరములను ఆంగ్లమున ఇ, ఐ, ఎచ్‌లను అటునిటు మార్చి మూడు నాలుగు విధముల వ్రాయుచున్నారు.

ముస్లిములకు ఊరి ఇంటిపేర్లు సరిపడవని కొందరందురు. మేము ఒప్పుకొనము. కథకులు వేంపల్లె షరీఫ్‌గారు తమ ఊరినే పేరు ముందర నిలుపుకొనిరి. వేము, పల్లె అను రెండు తెలుగు మాటల తరువాత అరబ్బీ షరీఫ్, అనగా ఉదాత్తుడు. కలమల్ల రాతిమీది రేవణ పేరు కట్టిన తీరుననే ఈ పేరును కట్టబడినది.

స్త్రీల పేర్ల విషయమున నష్టము ఇంకను హెచ్చు. మహబూబున్నిసా అనగా స్త్రీలలో ప్రియమైనది. నోట నలిగి మాబున్నీ ఐనది. ఇంటిలో మాబున్నీ అని పిలుచుట ముద్దు. రిజిష్టరులో 'మాబుని' అని వ్రాసి, దానికి బి అను ఆంగ్లాక్షరమును తగిలించినచో ఆ అమ్మాయి పేరులో అర్థమేమి మిగిలినది? ఖైరున్నిసా స్త్రీలలో ఉత్తమురాలు, మెహరున్నిసా స్త్రీలలో సూర్యుడు. ఇవియు ఇట్లే కైరునీ, మెహరునీలైనవి. మగపిల్లలలో అబ్దుల్ అను పిలుపు అట్టిదే. 'అబ్ద్' అనగా దాసుడు, 'అల్' తరువాతి నామమునకు చెందిన ఉపపదము. అబ్దుల్ అని ఆపుట 'యొక్క దాసుడు' అని వాక్యమును మధ్యలో త్రుంచుట. అబ్దుల్ ఖాదర్, అబ్దుల్ రహమాన్ అని పూర్తిగా పిలిచిననే పేరు పూర్తియగును. మన రామదాసును 'దాసూ' అని పిలిచిననైన అర్థము కొంత మిగులును.

కళాశాల కమిటీవారికి ఒక విన్నపము. మన కళాశాలలో ఉర్దూ అధ్యాపకులును, తెలుగు అధ్యాపకులును ఒకే గదిలో కూర్చుందురు. ప్రవేశముల దినములలో ఇరువురిని ఒకే బల్లయొద్ద కూర్చుండబెట్టి, ప్రతి పేరును తల్లిదండ్రులనుండి విని, ఉర్దూ లిపిలో ఒకమారు, తెలుగు లిపిలో ఒకమారు వ్రాయించి, పదవ తరగతి పత్రముతో ఆంగ్ల వర్ణక్రమమును సరిచూచినచో, తేడా ఉన్నవానిని తొలి సంవత్సరముననే సవరించుకొను అవకాశము విద్యార్థికి లభించును. ఖర్చు ఒక అదనపు రిజిష్టరు. విద్యార్థులకు మేమిచ్చు పని మరింత సులభము. వేసవి సెలవులలో తమ అబ్బను, జేజిని కూర్చుండబెట్టుకొని ఆ యింటి నాలుగు తరముల పేర్లును, ఏ ఊరినుండి ఎవరు వచ్చిరో ఆ వివరమును వ్రాసికొని రావలెను. కోడలు మామగారి పేరు పలుకరాదను నియమమున మనుమనికి పెట్టిన పేరు మూలబడి, 'బుడ్డోడు' అను పిలుపే నిలిచిన ఇండ్లు అనేకము. అట్టి ఇండ్లలో అసలు పేరు తెలిసినది ఆ ముసలివారొక్కరికే. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల పల్లెలనుండి వచ్చిన పుస్తకములను వేరువేరు కట్టలుగా కట్టి గ్రంథాలయమున ఉంచుటకు మేము సిద్ధము.